మునిగిన ఓడలు: అపోహలు - వాస్తవాలు

సముద్రంలోంచి తీసిన పాత చెక్క, ఇనుము పాడవకుండా చూడటం నా పని. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు అడిగేది "బంగారం దొరికిందా?" అనే. దాని సంగతి తర్వాత చూద్దాం, అంతకంటే ఎక్కువ నష్టం చేసే అపోహలు వేరే ఉన్నాయి.

అపోహ: వందల ఏళ్లు నీళ్లలో ఉన్న చెక్క ఎప్పుడో కుళ్లిపోయి ఉంటుంది.

చెక్కకి శత్రువు నీళ్లు కాదండీ, దాన్ని తినే జీవులు. వాటిలో ముఖ్యమైనది టెరెడో. అందరూ పురుగు అంటారు గానీ అది ఆల్చిప్పల జాతిది, తల దగ్గరున్న రెండు చిన్న చిప్పలతో చెక్కని తొలుచుకుంటూ పోతుంది. పైకి గుండుసూది బెజ్జాల్లా కనిపిస్తాయి, పలక కోసి చూస్తే లోపలంతా వేలు దూరేంత సొరంగాలు. ఇది బతకలేని చోట ఓడలు బతికిపోతాయి. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, అందుకే 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ దగ్గర మునిగిన స్వీడన్ యుద్ధనౌక వాసా 1961లో పైకి తీసేసరికి చాలావరకు ఓడలాగే ఉంది. నల్ల సముద్రం లోతుల్లో ఆక్సిజన్ ఉండదు. అక్కడ రెండు కిలోమీటర్ల లోతున, సుమారు 2,400 ఏళ్ల నాటి గ్రీకు ఓడ తెరచాప స్తంభంతో, చుక్కానితో సహా దొరికిందని 2018లో ప్రకటించారు.

అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. మామూలు ఉప్పునీళ్లలో బురదలో కూరుకుపోయిన భాగమే మిగులుతుంది, బురద పైన బయటికి ఉన్నది పోతుంది. 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్ ఇప్పుడు దాదాపు సగమే ఉండటానికి కారణం అదే.

అపోహ: పైకి తీస్తే గండం గడిచినట్టే, ఎండబెడితే చాలు.

అసలు గండం అప్పుడే మొదలవుతుంది. అన్నేళ్లు నానిన చెక్కలో కణాల గోడలు బలం పోగొట్టుకుని ఉంటాయి, లోపల నిండిన నీళ్లే దాన్ని ఆ ఆకారంలో నిలబెడుతుంటాయి. ఎండలో పెడితే ఆ నీళ్లు పోతూ పోతూ గోడల్ని లోపలికి లాగేస్తాయి, పలక ముడుచుకుపోయి, మెలి తిరిగి, అడ్డంగా పగులుతుంది, ఆ తర్వాత ఎంత నానబెట్టినా పాత ఆకారం రాదు. అందుకే నీళ్ల స్థానంలో నెమ్మదిగా పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం ఎక్కిస్తాం. వాసా మీద దాన్ని 17 ఏళ్లు చల్లారు. మేరీ రోజ్‌ని 1982లో పైకి తీస్తే, స్ప్రేలు ఆపింది 2013లో!

ఆ తర్వాతా మనశ్శాంతి ఉండదు. 2000లో వాసా చెక్క మీద ఆమ్ల లవణాలు బయటపడ్డాయి. ఒకప్పటి మురికి రేవు నీళ్లలోంచి చెక్కలోకి చేరిన గంధకం గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతోంది, తుప్పుపట్టిన పాత ఇనుప బోల్టుల నుంచి వచ్చిన ఇనుము ఆ పనిని ఇంకా తొందర చేస్తోంది. "కాపాడేశాం" అనే మాట మా పనిలో వాడటం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

అపోహ: ఇనుము గట్టిది, తుప్పు గీకేస్తే సరిపోతుంది.

పోత ఇనుముతో చేసిన ఫిరంగి గుండు నీళ్లలోంచి తీసినప్పుడు గుండ్రంగా, నిక్షేపంగా కనిపిస్తుంది. కానీ పై పొరల్లో ఇనుము చాలావరకు కరిగిపోయి గ్రాఫైటే మిగిలి ఉంటుంది, చాకుతో గీస్తే గీత పడుతుంది. లోపల సముద్రపు ఉప్పు తాలూకు క్లోరైడ్లు దాక్కుని ఉంటాయి. అలాగే ఆరనిస్తే పొరలు పొరలుగా విచ్చిపోతుంది. అందుకే క్షార ద్రావణంలో ఉంచి ఆ ఉప్పుని బయటికి రాబట్టాలి. పెద్ద ఫిరంగైతే ఏళ్లు పడుతుంది.

సున్నం, ఇసుక, తుప్పు కలిసి రాయిలా గడ్డకట్టిన ముద్దల్ని సుత్తితో పగలగొట్టడం ఇంకా దారుణం. ఒక్కోసారి లోపల వస్తువే ఉండదు. ఇనుప గొడ్డలో మేకో పూర్తిగా తుప్పై పోయి, దాని ఆకారంలో ఖాళీ మిగిలి ఉంటుంది. ముందు ఎక్స్‌రే తీస్తాం, చిన్న రంధ్రం చేసి ఆ ఖాళీలో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోస్తాం, అది గట్టిపడ్డాక పైపెంకు తీస్తాం. గొడ్డలి అంచు, పిడి దూర్చే కన్నం, ఒక్కోసారి దెబ్బలు తిన్న గుర్తులతో సహా వస్తాయి. సుత్తి పడితే చేతిలో మిగిలేది తుప్పుపొడి.

అపోహ: మునిగిన ఓడంటే నిధి.

ఎక్కువ ఓడలు మోసింది మామూలు సరుకు. టర్కీ తీరంలో దొరికిన, 3,300 ఏళ్ల నాటి ఉలుబురున్ ఓడనే తీసుకోండి. బంగారు నగలు ఉన్న మాట నిజమే. కానీ చరిత్రకారులకు అసలు పండగ అందులోని దాదాపు 10 టన్నుల రాగి దిమ్మలు, సుమారు ఒక టన్ను తగరం, ఎందుకంటే ఆ రెండూ కలిపితేనే కంచు. ఆ కాలపు వ్యాపారం ఎలా నడిచిందో ఒక్క ఓడ సరుకులోనే కనిపించింది.

అపోహ: ఎవరికి దొరికితే వాళ్లదే.

ఇది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, చాలాచోట్ల ముందు అధికారులకు చెప్పాల్సిందే. యునెస్కో 2001 ఒప్పందమైతే కనీసం 100 ఏళ్లు నీళ్లలో ఉన్నవాటిని వ్యాపారానికి వాడొద్దంటుంది, ఉన్నచోటే ఉంచడాన్ని మొదట ఆలోచించమంటుంది. చాలామందికి ఇది చేతకానితనంలా అనిపిస్తుంది. పైన చెప్పిన 17 ఏళ్ల ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఆలోచిస్తే అలా అనిపించదు.

మీ వలలోనో ఒడ్డునో ఏదైనా దొరికితే కడగొద్దు, గీకొద్దు, ఎండబెట్టొద్దు. ఉన్నచోటే వదలగలిగితే వదిలేసి, ఫొటో తీసి, చోటు రాసుకుని అధికారులకు కబురు చెప్పండి. వలలో పైకి వచ్చేసిందంటే, అది దొరికిన నీళ్లే ఓ బకెట్లో పట్టి అందులో ముంచి, మూత పెట్టి నీడలో ఉంచండి. పేలుడు గుండు కావచ్చని ఏమాత్రం అనుమానం ఉన్నా, ముట్టుకోకుండా దూరం జరిగి ముందు పోలీసులకు ఫోన్ చేయండి.