పిల్లలకు పులిని ఎలా పరిచయం చేయాలి? అపోహలు - వాస్తవాలు

జూలై వచ్చిందంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. 29న అంతర్జాతీయ పులుల దినోత్సవం కదా, "మేడమ్, మా పిల్లలకి పులి గురించి ఓ గంట చెప్పండి" అని విజయవాడ, గుంటూరు బడుల నుంచి పిలుస్తారు. పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. నా సంచిలో ఎప్పుడూ ఒక వస్తువు ఉంటుంది: ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోసిన పులి పాదముద్ర. పిల్లల కంటే ముందు అమ్మానాన్నలు, టీచర్లు కొన్ని మాటలు అడుగుతుంటారు. వాటికి జవాబులు ఒకచోట రాద్దామనిపించింది.

అపోహ: పులి గురించి చెబితే చిన్నపిల్లలు దడుచుకుంటారు.

వాస్తవం: వాళ్లు అప్పటికే దడుచుకుని ఉంటారు. అన్నం తినకపోతే పులి వస్తుందని భయపెట్టింది మనమే. "నాన్నా, పులి!" కథ వినని తెలుగు పిల్లలు తక్కువ. ఆ కథలో పులికి మీద పడటం తప్ప వేరే పని లేదు.

గుంటూరులో ఒక బడికి వెళ్లినప్పుడు ఒకటో తరగతి పాప ఒకతె వెనక బెంచీ నుంచి కదల్లేదు. నేను పాదముద్రను నేల మీద పెట్టి, చెయ్యి పెట్టి చూడమన్నాను. అందరూ పెట్టాక మెల్లగా వచ్చింది. అరచెయ్యి, వేళ్లతో సహా, ఆ గుంటలో పట్టేసింది. కాసేపు చూసి, "వేళ్లు నాలుగే ఉన్నాయి, గోళ్లేవి?" అంది. పులి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది, పిల్లి లాగే. కుక్క అడుగులోనైతే గోళ్ల గుర్తులు పడతాయి. ఇది చెప్పగానే మా వీధి పిల్లి అడుగు కూడా చూస్తానంది. భయం ఉన్నచోటికి ఒక ప్రశ్న వస్తే చాలు, మిగతా పని పిల్లలే చేసుకుంటారు.

అపోహ: పులి కనిపిస్తే మనిషిని తినేస్తుంది.

వాస్తవం: అడవిలో పులి మనిషి అలికిడి వింటే మామూలుగా తనే తప్పుకుంటుంది. హఠాత్తుగా ఎదురుపడినప్పుడు, పక్కన కూనలున్నప్పుడు, దెబ్బ తగిలో ముసలిదయ్యో వేటాడలేకపోతున్నప్పుడు ప్రమాదం ఎక్కువ. నల్లమలలో చెంచులు తరతరాలుగా పులి తిరిగే అడవిలోనే ఉంటున్నారు. ఇవాళ అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో చెంచులు ఎంతోమంది.

అలాగని "పులి చాలా మంచిది, ఏమీ చెయ్యదు" అని చెప్పడం కూడా నాకు నచ్చదు. అడవి అంచు ఊళ్లో పాడిగేదెను పోగొట్టుకున్న రైతు కష్టం నిజమైనది. పిల్లలకు అదీ చెప్పాలి. అడవిలో మేత జంతువులు తగ్గినకొద్దీ పులి ఊరి గొడ్ల వైపు చూస్తుందని కూడా చెప్పాలి.

అపోహ: పులులుండేది బెంగాల్‌లో, ఆఫ్రికాలో.

వాస్తవం: ఆఫ్రికా అడవుల్లో పులులు లేవు. బొమ్మల పుస్తకాల్లో జిరాఫీ పక్కన పులిని గీయడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. బెంగాల్ టైగర్ అన్నది పేరే. మన నల్లమలలో ఉన్నదీ అదే. గుంటూరులో రైలెక్కి మాచర్లలో దిగితే అడవి అక్కణ్నుంచి ఎంతో దూరం ఉండదు. దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో అతి పెద్దది మన నాగార్జునసాగర్ - శ్రీశైలం. జిల్లాలు విడిపోకముందు దానిలో కొంత గుంటూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడది పల్నాడు. ఈ మాట చెప్పగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

ఇంకో గందరగోళం: చారలుంటే పెద్దపులి, గుత్తులు గుత్తులుగా మచ్చలుంటే చిరుతపులి, కళ్ల నుంచి నోటి దాకా కన్నీటి చారల్లాంటి నల్లగీతలుంటే చీతా. మన దేశంలో అంతరించిన చీతాలను 2022లో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చారు.

అపోహ: తెల్లపులి వేరే జాతి, అందుకే ముందు దాన్ని కాపాడాలి.

వాస్తవం: అదీ బెంగాల్ పులే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం జన్యువు వస్తే ఆ రంగు వస్తుంది. జూలలో కనిపించే తెల్లపులుల్లో ఎక్కువ భాగం 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే పులి సంతతి. రంగు కోసం దగ్గరి రక్తసంబంధంలోనే జత కట్టించడంతో వాటిలో చాలావాటికి మెల్లకన్ను వంటి లోపాలు వచ్చాయి.

అపోహ: పులులు పెరిగాయిగా, ఇంకా టెన్షన్ ఎందుకు?

వాస్తవం: పెరిగిన మాట నిజం. 2006లో 1,411 అని అంచనా వేశారు. 2022 లెక్కలో కనీసం 3,167. పులులను కాపాడటానికి కేంద్ర ప్రభుత్వ పథకం ప్రాజెక్ట్ టైగర్ 1973లో మొదలైంది, అయినా రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులీ మిగల్లేదు. అక్కడ జరిగింది వేట. అంతదాకా అడుగుజాడలు చూసి లెక్కపెట్టేవాళ్లు. ఆ తర్వాతే కెమెరాలతో చారలను పోల్చి లెక్కపెట్టడం దేశమంతా వచ్చింది. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు.

అపోహ: ఒక్క పులి కోసం అంత అడవి దండగ.

వాస్తవం: దీనికి నేను జవాబు చెప్పను, చేసి చూపిస్తాను. విజయవాడలో ఒక బడిలో పొద్దున అసెంబ్లీకి 500 మంది దాకా నిలబడి ఉన్నారు. ఒక అబ్బాయిని ముందుకు పిలిచి, నువ్వు పులివి, మిగతా అందరూ జింకలు అన్నాను. పులికి సుమారుగా వారానికొక జింక కావాలి, అంటే ఏడాదికి 50. మంద తరిగిపోకుండా ఏటా 50 దొరకాలంటే మందలో ఇంచుమించు 500 ఉండాలి. వాడు అందరినీ చూసి మురిసిపోయాడు. "గడ్డి కాలిపోయింది, ఈ రెండు వరసలూ కూర్చోండి" అన్నాను. "ఉచ్చులు పెట్టారు, ఇంకో రెండు. చెరువు ఎండింది, ఇంకో మూడు." చివరికి నిలబడ్డది ఒక్క వరస. "మేడమ్, ఇవి నాకు చాలవు" అన్నాడు వాడు, గొంతు మారిపోయింది.

తర్వాత నీళ్ల సంగతి. నల్లమల చెట్లు వానను పట్టి ఉంచుతాయి, మట్టి కొట్టుకుపోయి జలాశయాలు పూడకుండా కొంత ఆపుతాయి. ఆ అడవి మధ్య నుంచి వచ్చే కృష్ణే శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. పిల్లలు తమ నీళ్ల సీసాల వైపు చూసుకుంటారు. పులిని కాపాడాలంటే జింకనీ గడ్డినీ నీటినీ వదిలి కాపాడలేం, అందుకే ఇంత అడవి.

అపోహ: మెడలో పులిగోరు ఉంటే దిష్టి తగలదు, ధైర్యం వస్తుంది.

వాస్తవం: అసలు పులిగోరు అమ్మినా కొన్నా నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం కనీసం మూడేళ్లు జైలు. నకిలీదైనా వేయొద్దని తల్లులకు బతిమాలి చెబుతాను. పిల్లాడి మెడలో అది ముద్దుగా కనిపించినంత కాలం అసలు దాన్ని వెతికేవాళ్లు ఉంటారు.

అపోహ: అడవిలో కష్టమైతే జూలో పెంచితే సరిపోతుంది.

వాస్తవం: 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు దొరికాయి, నాలుగూ ఆడవే. తల్లి దగ్గరికి చేర్చాలని అటవీ సిబ్బంది రాత్రిళ్లు ప్రయత్నించారు. తల్లి రాలేదు. చివరికి వాటిని తిరుపతి జూకు పంపాల్సి వచ్చింది. కూనలు దాదాపు రెండేళ్లు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటాయి. మనం పాలు పట్టగలం కానీ ఆ చదువు చెప్పలేం.

ఈ కథ చెప్పిన ప్రతిచోటా పిల్లలు అడిగేది ఒకటే: "మరి వాళ్లమ్మ?" కూనలు పోయిన ఆడపులి మళ్లీ పిల్లలు పెట్టగలదని చెబుతాను. దానికి ఏమేం కావాలో మీరే చెప్పండంటే, గడ్డి, జింకలు, చెరువు, దాక్కోవడానికి పొదలు అని ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. నేను బోర్డు మీద రాస్తూ పోతాను.