సిఫిలిస్‌కు వేలకు వేలు ఎందుకు? అపోహలు - వాస్తవాలు

లైంగిక సంబంధం ద్వారా అంటే జబ్బు సిఫిలిస్. అది ఉందని చెప్పగానే "ఎంతవుతుంది డాక్టర్ గారూ?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అప్పటికే బయట వేలు వదిలించుకుని వచ్చి ఉంటారు, ఆ భయం సహజమే. చర్మ, సుఖవ్యాధుల ఓపీలో తరచూ వినే మాటలివి.

అపోహ: పెద్ద జబ్బు కాబట్టి పెద్ద కోర్సు వాడాలి.

తొలి దశలో ఉంటే బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్క మోతాదు చాలు. 24 లక్షల యూనిట్లు, చెరో పిరుదుకు సగం. జబ్బు పాతబడితే, లేదా ఎప్పుడు సోకిందో తెలియకపోతే, వారానికొకటి చొప్పున మూడు వారాలు. 1943 నుంచి సిఫిలిస్‌కు పెన్సిలినే వాడుతున్నారు, ఆ క్రిమి ఇప్పటికీ దానికి లొంగుతూనే ఉంది. ఇది ఎంత చవకంటే, లాభం లేక తయారీదారులు తగ్గిపోయి ఆమధ్య చాలా దేశాల్లో కొరత కూడా వచ్చింది. బస్టాండు గోడల మీద 'రహస్య చికిత్స' అని రాసుకునేవాళ్లు వేలల్లో ప్యాకేజీ చెబితే, ఆ డబ్బు మీ సిగ్గుకు కడుతున్నట్టే.

ఇంజెక్షన్ చేసిన రోజు కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. మందు పడలేదనుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి పరుగెత్తి మళ్లీ ఫీజు కట్టొద్దు.

అపోహ: రిపోర్టులో పాజిటివ్ వస్తే జబ్బు ఇంకా ఉన్నట్టే.

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. సిఫిలిస్ సోకిందో లేదో చూసే టీపీహెచ్‌ఏ అనే రక్తపరీక్ష ఒకసారి పాజిటివ్ వస్తే, పూర్తిగా నయమైనా చాలామందిలో జీవితాంతం అలాగే ఉండిపోతుంది. మందు పనిచేసిందో లేదో చెప్పేది వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే వేరే రక్తపరీక్షలో వచ్చే టైటర్, అంటే రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా పాజిటివ్ వస్తుందో చెప్పే అంకె. 1:32 ఉన్నది 1:8కి దిగిందంటే చికిత్స ఫలించినట్టు. దానికి నెలలు పడుతుంది. ఆరు నెలలకు, ఏడాదికి చూపించుకోండి, వీలైతే ఒకే ల్యాబులో. నెలనెలా టీపీహెచ్‌ఏ చేయించి, పాజిటివ్ వచ్చిందని మళ్లీ కోర్సు వాడేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

జగిత్యాల, కోనసీమ వైపు నుంచి గల్ఫ్ మెడికల్‌లో 'అన్‌ఫిట్' అయి వచ్చే కుర్రాళ్ల టెన్షన్ వేరు. వీసా పోతుంది, ఏజెంటుకిచ్చిన డబ్బు పోతుంది. టీపీహెచ్‌ఏను నెగటివ్ చేసే కోర్సు ఉందని ఎవరైనా చెబితే అప్పు చేసైనా కొంటారు. అలాంటి మందు లేదు. చికిత్స పూర్తయిందన్న సర్టిఫికెట్, తగ్గిన టైటర్ రిపోర్టు మేం ఇవ్వగలం. వాటిని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మా చేతుల్లో లేదు.

అపోహ: పుండు దానంతటదే మానింది, ఖర్చు తప్పింది.

సిఫిలిస్ తొలి దశలో వచ్చే నొప్పి లేని పుండు మందు వేయకపోయినా కొన్ని వారాల్లో మానుతుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలొస్తాయి. అవీ పోతాయి. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. కొందరిలో అది మెదడుకో నరాలకో పాకితే వెన్నులో నీరు తీసి పరీక్షించాలి, 10 నుంచి 14 రోజులు ఆస్పత్రిలో పెట్టి పెన్సిలిన్ నరానికి ఎక్కించాలి. అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

అపోహ: మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ కొనుక్కుంటే సరిపోతుంది.

సరిపోదు. చాలాచోట్ల ఈ క్రిమి దానికి లొంగడం మానేసింది. గర్భిణులకైతే పెన్సిలిన్ తప్ప వేరే దారి లేదు, కడుపులో బిడ్డకూ వైద్యం అందాలి కదా.

అపోహ: ప్రభుత్వాసుపత్రికి వెళ్తే పేరు బయటపడుతుంది.

మెడికల్ కాలేజీల్లో, జిల్లా ఆస్పత్రుల్లో సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. అక్కడి కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు. పరీక్ష, మందు ఉచితం. లక్షణాన్ని బట్టి రంగురంగుల మందుల కిట్లు ఇస్తారు, పుండుకిచ్చే తెల్ల కిట్‌లో ఈ పెన్సిలిన్ ఇంజెక్షన్ కూడా ఉంటుంది. క్యూలో నిలబడాల్సి రావచ్చు, అది ఒప్పుకుంటాను. వెళ్లేటప్పుడు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లండి. ఒక్కరే చేయించుకుంటే మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. దగ్గర్లో క్లినిక్ ఎక్కడుందో 1097కి ఫోన్ చేసి అడగొచ్చు, కాల్‌కు డబ్బులేం పడవు.