తెలుగు టైటాన్స్ గురించి మా గ్రౌండ్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకు కబడ్డీ నేర్పడం నా పని. పొద్దున అయిదున్నరకల్లా గ్రౌండ్‌కి వస్తారు. రేణిగుంట నుంచి ఇద్దరు, చంద్రగిరి నుంచి నలుగురు, తిరుచానూరు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు ఒకడు. వార్మప్‌లో రెండు రౌండ్లు పరిగెత్తేలోపే ప్రో కబడ్డీ లీగ్‌లో ఆడే మన తెలుగు టైటాన్స్ జట్టు ముచ్చట మొదలవుతుంది. ఎవరికి ఎంత పెట్టి కొన్నారు, ఎవరు ఎన్ని సూపర్ టెన్‌లు (ఒకే మ్యాచ్‌లో 10 రైడ్ పాయింట్లు) కొట్టారు, అన్నీ వాళ్ల నోటి చివరే ఉంటాయి. ఆ జట్టు ఎందుకు ఓడింది, ఎందుకు లేచింది అని అడిగితే మాత్రం చెప్పేవి చాలావరకు తప్పు. టీ కొట్టు దగ్గర పెద్దవాళ్లు చెప్పేవీ అంతే. ఈ ఆటనే తిని బతికేవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: టైటాన్స్ అంటే రాహుల్ చౌదరి. అతను వెళ్లిపోయాక జట్టు పోయింది.

సగం నిజం ఉంది కాబట్టే ఈ మాట ఇన్నాళ్లు నిలబడింది. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ కుర్రాడు రాహుల్ చౌదరి. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి 2018లో ఆరో సీజన్ దాకా టైటాన్స్‌కే ఆడాడు. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు మొదట దాటింది అతనే, 2017లో. నాలుగో సీజన్‌లో 146 రైడ్ పాయింట్లతో అందరికంటే పైన నిలిచాడు. చెయ్యి చాపి పరిగెత్తే అతని రన్నింగ్ హ్యాండ్ టచ్ చూసి చిత్తూరు జిల్లాలో ఎంతమంది పిల్లలు కబడ్డీలోకి వచ్చారో నాకు తెలుసు. నా దగ్గరే పదిమంది దాకా వచ్చారు.

కానీ ఆ ఆరు సీజన్లలోనూ టైటాన్స్ ఫైనల్ ఆడలేదు. 2015లో సెమీఫైనల్‌లో బెంగళూరు బుల్స్ చేతిలో 38-39తో, ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. తర్వాత పాట్నా పైరేట్స్‌ను 34-26తో ఓడించి మూడో స్థానం తెచ్చుకుంది. 2016లో నాలుగో సీజన్ సెమీఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. జైపూర్ పింక్ పాంథర్స్ చేతిలో ఓడాం. మూడో స్థానం మ్యాచ్‌లో పుణేరి పల్టన్ చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. అంటే దేశంలోకెల్లా గొప్ప రైడర్ మన దగ్గరుండి, ఆట పీక్‌లో ఉన్నప్పుడు కూడా ఆఖరి మెట్టు ఎక్కలేదు. కారణం రాహుల్ కాదు, రాహుల్ వెళ్లిపోవడమూ కాదు.

అపోహ: కోట్లు పెట్టి పెద్ద రైడర్‌ని కొంటే కప్పు వస్తుంది.

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. మా పిల్లల్లో ప్రతివాడూ రైడర్ కావాలనుకోవడానికి మూలం ఇదే.

2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌ని టైటాన్స్ 1 కోటి 45 లక్షలకు కొంది. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ ధర అతనిదే. మహారాష్ట్ర కుర్రాడు, మంచి బలం, డాష్ కొట్టినా, అంటే డిఫెండర్ ఒంటితో గుద్దినా, పడని ఒళ్లు. పెట్టిన డబ్బుకు న్యాయం చేశాడు. ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు ఎన్నో స్థానంలో నిలిచిందనుకుంటున్నారు? 12 జట్లలో 11.

2023లో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకున్నారు. ప్రో కబడ్డీ చరిత్రలోనే అంత ధర ఎవరికీ పలకలేదు. పవన్ కూడా 200 రైడ్ పాయింట్లు దాటాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌ల్లో 2 గెలిచి చిట్టచివర నిలిచింది. అంతకుముందు 2022 సీజన్‌లోనూ 2 గెలుపులే, దాని ముందు కరోనా వేళ బెంగళూరులో ఒకేచోట జరిగిన ఎనిమిదో సీజన్‌లో ఒక్కటే గెలుపు. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌ల్లో 5 విజయాలు. ఆ రోజుల్లో పొద్దున గ్రౌండ్‌కి వచ్చే పిల్లల మొహాల్లోకి చూడలేకపోయేవాణ్ణి.

లెక్క కట్టి చూడండి. రైడర్ కూతకు, అంటే "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి కోర్టులోకి, వెళ్తే 30 సెకన్లలో తిరిగి రావాలి. ఆ తర్వాత కూత అవతలివాళ్లది. మీ రైడర్ 15 పాయింట్లు తెచ్చినా, అవతలి రైడర్లు 20 పట్టుకెళ్తే చేసేదేముంది? మీవాళ్లు వరసగా ఔటైపోయి ఆలౌట్ అయితే అదనంగా ఇంకో 2 పాయింట్లు పోతాయి. కోటిన్నర రైడర్ బెంచీ మీద కూర్చుని ఉంటే, ఎవరో ఒకరు పాయింట్ తెచ్చి అతన్ని లేపేదాకా ఆ డబ్బంతా బెంచీ మీదే ఉంటుంది. అతన్ని లోపలికి తెచ్చేది ఎక్కువసార్లు డిఫెన్సే. ఒక్క పట్టు పడితే ఒక పాయింట్, లోపలికి ఒక మనిషి. మ్యాట్ మీద ముగ్గురో అంతకంటే తక్కువో ఉన్నప్పుడు పడితే సూపర్ టాకిల్, 2 పాయింట్లు.

ఇప్పుడు అదే ఎనిమిదో సీజన్‌లో కప్పు కొట్టిన దబంగ్ ఢిల్లీని చూడండి. వాళ్ల పెద్ద రైడర్ నవీన్ కుమార్ గాయంతో మధ్యలో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అయినా జట్టు కూలిపోలేదు. మంజీత్ ఛిల్లర్, జోగీందర్ నర్వాల్, జీవ కుమార్, సందీప్ నర్వాల్. వయసైపోయిందని జనం అనుకున్నవాళ్లే ఆ డిఫెన్స్‌కు కాపలా. ఫైనల్‌లో పాట్నాను 37-36తో ఓడించారు. ఆ ఫైనల్‌లో 14 పాయింట్లు తెచ్చింది నవీన్ కాదు, రెండో రైడర్ విజయ్ మలిక్. ఆ జట్టు కోచ్ క్రిషన్ కుమార్ హుడా. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి.

అపోహ: డిఫెండర్‌కి బలం, బరువు ఉంటే చాలు.

"సార్, వీడు లావుగా ఉన్నాడు, కార్నర్‌లో పెట్టండి" అని తల్లిదండ్రులే నాతో అంటారు. కార్నర్ అంటే డిఫెన్స్ వరసలో చివర నిలబడేవాడు, కవర్ అంటే లోపలివైపు నిలబడి అతనికి సాయం వచ్చేవాడు. ప్రో కబడ్డీలో 85 కిలోలు దాటితే మ్యాట్ ఎక్కనివ్వరు. అంటే అక్కడ బరువుకు ఒక హద్దు ఉంది. తేడా చూపేది ఎప్పుడు పట్టాలో తెలిసిన కన్ను.

ఎడమ కార్నర్ పని ఇలా ఉంటుంది. రైడర్ మధ్య గీత దాటి లోపలికి వస్తున్నాడు. మధ్య గీత నుంచి 3.75 మీటర్లలో రైడర్ దాటాల్సిన బాక్ లైన్, ఇంకో మీటర్ లోపల అదనపు పాయింట్ తెచ్చే బోనస్ లైన్. అతను బోనస్ కోసం ముందు కాలు చాపుతాడు. కాలు గాల్లో ఉన్నంతసేపూ బరువంతా వెనక కాలి మీదే ఉంటుంది, అప్పుడు దూకితే కాలు వెనక్కి లాగేసుకుంటాడు. ఆ కాలు నేలకు ఆని, బరువు దాని మీదికి వాలుతున్న క్షణం ఒకటుంటుంది. కార్నర్ వెళ్లాల్సింది అప్పుడే. రెండు చేతులూ చీలమండ చుట్టూ బిగియాలి, తల మోకాలికి ఎదురు పడకుండా పక్కకు ఉండాలి, లాగడం తన వైపుకే. అదే సమయానికి కవర్ వచ్చి నడుము దగ్గర మూసెయ్యాలి. కవర్ అర సెకను ఆలస్యమైతే రైడర్ కాలితో పాటు కార్నర్‌ని కూడా మధ్య గీత దాకా ఈడ్చుకుపోతాడు. అప్పుడు జనం కార్నర్‌ని తిడతారు, తప్పు కవర్‌ది.

హిమాచల్ నుంచి వచ్చిన విశాల్ భరద్వాజ్ టైటాన్స్‌లో ఎడమ కార్నర్‌గా చేసింది ఇదే. చూడ్డానికి బక్కగా ఉంటాడు. అతని యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) వీడియోలు మా పిల్లలకు ఇప్పటికీ చూపిస్తాను, చేతులు కాకుండా కళ్లు ఎక్కడున్నాయో చూడమని చెప్పి. ఇరాన్ నుంచి వచ్చిన అబోజర్ మిఘానీ కుడివైపు బ్లాక్ వేసిన తీరు కూడా అంతే. వీళ్లిద్దరి పేర్లు మన టీ కొట్టు ముచ్చట్లలో ఎంత అరుదుగా వినిపిస్తాయో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అపోహ: టైటాన్స్ హైదరాబాద్ జట్టు, మనది కాదు.

2014లో ఈ జట్టు సొంత గడ్డ విశాఖపట్నం. తర్వాత హైదరాబాద్ గచ్చిబౌలిలోనూ ఆడింది, మళ్లీ విశాఖలోనూ ఆడింది. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ మొదలైంది విశాఖలోనే. పేరులో ఊరు లేదు, భాష ఉంది. కుప్పంలో కూర్చుని చూసేవాడికీ శ్రీకాకుళంలో చూసేవాడికీ సమానంగా సొంతం.

అపోహ: తెలుగు కుర్రాళ్లని కావాలనే పక్కన పెడతారు.

ఈ ప్రశ్న వస్తే నా గొంతు కొంచెం మారుతుంది. జట్టు పేరు తెలుగు, ముఖ్యమైన పేర్లేమో ఉత్తరప్రదేశ్, హర్యానా, ఢిల్లీ, మహారాష్ట్రవి. ఎవరికైనా గుచ్చుకుంటుంది. కానీ ఆటగాళ్లు వచ్చేది వేలంలోంచి. వేలం జాబితాలోకి చేరాలంటే జాతీయ పోటీల్లో కనపడాలి. అక్కడ సీనియర్ స్థాయిలో రైల్వేస్, సర్వీసెస్ (సైనిక దళాల జట్టు) లాంటి జట్లదే పైచేయి. ఎందుకంటే వాళ్లు ఉద్యోగం ఇచ్చి ఆడిస్తారు. పవన్ సెహ్రావత్ కూడా రైల్వేస్‌కు ఆడినవాడే. ఉద్యోగం ఉంటే కుర్రాడు ఇరవై రెండేళ్లప్పుడు కూడా రోజూ రెండు పూటలా ప్రాక్టీస్ చేస్తాడు. మన దగ్గర ఇంటర్ అయిపోయాక సర్టిఫికెట్ తీసుకుని స్పోర్ట్స్ కోటాలో సీటు కోసం వెళ్తారు, సీటు వచ్చాక ఆట ఆగిపోతుంది. నా దగ్గర ఆడిన వాళ్లలో నాకు బాగా నచ్చిన కవర్ ఇప్పుడు డెలివరీ బండి నడుపుతున్నాడు. కనిపిస్తే ఆగి, "సార్, కొత్త పిల్లలు ఎట్లున్నారు?" అని అడుగుతాడు.

కబడ్డీలో తెలుగువాళ్ల చెయ్యి లేదనడం కూడా తప్పే. టైటాన్స్ తొలి రోజుల కోచ్ జె. ఉదయకుమార్ ద్రోణాచార్య అవార్డు గ్రహీత. ప్రో కబడ్డీకి టెక్నికల్ డైరెక్టర్‌గా చేసిన ఇ. ప్రసాదరావు గారు కూడా ద్రోణాచార్యులే. పెద్దలున్నారు, కింద పిల్లలున్నారు. మధ్యలో పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ల దాకా ఆ కుర్రాణ్ణి నిలబెట్టేది లేదు.

అపోహ: ఇప్పుడు కూత అక్కర్లేదు.

కావాలి. టీవీలో హోరు వల్ల వినపడదు, అంతే. అవతలి కోర్టులో కూత తెగితే రైడర్ ఔట్. నగరి, పుత్తూరు వైపు సంక్రాంతి పోటీలకు ఇప్పటికీ "చెడుగుడు" అనే అంటారు, సరిహద్దు అవతల తమిళంలో అదే "సడుగుడు". పేరేదైనా ఒక్క ఊపిరి మీద నడవాల్సిందే.

అపోహ: మ్యాట్ ఉంటే దెబ్బలు తగలవు.

మ్యాట్ ముక్కలు ముక్కలుగా వస్తుంది, పళ్లు పళ్లుగా ఒకదానిలో ఒకటి ఇరికించి పరుస్తారు. కొన్నేళ్ల కిందట ఒక పోటీకి పిల్లల్ని తీసుకెళ్లాను. అక్కడ పాతబడిన మ్యాట్ వేశారు, కుడి కార్నర్ దగ్గర రెండు ముక్కల మధ్య బొటనవేలు దూరేంత సందు. నేను చూశాను, చెప్పాను. "టేప్ వేస్తాం సార్, మీరు మొదలుపెట్టండి" అన్నారు. టేప్ రాలేదు. రెండో హాఫ్‌లో మా పిల్లాడి వేలు ఆ సందులో ఇరుక్కుని, ఒళ్లు తిరిగింది కానీ పాదం తిరగలేదు. మోకాలు పోయింది. ఆ రోజు నేను జట్టుని దించకుండా ఉండాల్సింది. అప్పట్నుంచి ఏ ఊరెళ్లినా 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ప్రతి అతుకూ ఒట్టి కాలితో నడిచి చూసుకున్నాకే పిల్లల్ని దించుతున్నాను.

అపోహ: టైటాన్స్ ఎప్పటికీ అడుగు జట్టే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండు పేర్లకు వద్దాం. 2024లో పదకొండో సీజన్‌కు క్రిషన్ కుమార్ హుడా టైటాన్స్ కోచ్‌గా వచ్చాడు. విజయ్ మలిక్ కూడా వచ్చాడు. పవన్ గాయంతో మధ్యలో దూరమైతే బరువు విజయ్ మోశాడు. ముందు ఏడాది 2 గెలిచిన జట్టు 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. తర్వాత పవన్‌ని వదులుకున్నారు. మా పిల్లలు ఆ రోజు ఏడ్చినంత పని చేశారు. విజయ్‌ని కెప్టెన్ చేసి, భరత్ హుడాను 81 లక్షలకు తీసుకున్నారు. 2025లో ఆ జట్టే ప్లే ఆఫ్స్‌లో బెంగళూరు బుల్స్‌ను, పాట్నాను ఓడించి రెండో క్వాలిఫయర్ దాకా, అంటే ఫైనల్‌కు ఒక్క మెట్టు కిందదాకా వెళ్లింది. అక్కడ పుణేరి పల్టన్ చేతిలో 45-50తో ఆగిపోయింది.

ఆ రాత్రి మ్యాచ్ చూసి పిల్లలు పొద్దున్నే కళ్లెర్రగా వచ్చారు. అందరూ భరత్ కూతల గురించే మాట్లాడుతున్నారు. తిరుచానూరు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు మాత్రం నా పక్కన చేరి, "సార్, యాభై ఎట్లా ఇచ్చేశాం?" అని అడిగాడు. ఫోన్ తీసి, పుణేరి రైడర్లు పాయింట్ పట్టుకెళ్లిన చోట్లు ఒక్కొక్కటే ఆపి చూపించాను. మూడో దాని దగ్గర వాడే చెప్పాడు, కవర్ ఆలస్యమైందని. ఆ రోజు రైడింగ్ చేయించలేదు. గంటన్నర కార్నర్, కవర్ జతలే.