చిప్ గుట్టు ముందే రట్టు, ధర మాత్రం చివరి గంటలో

కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కొత్తది అంగట్లోకి రాకముందే దానికి ఎన్ని కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), ఎంత మెమరీ, ఎంత కరెంటు లాగుతుంది అనే లెక్కలు ఇంటర్నెట్‌లో షికారు చేస్తుంటాయి. చాలావరకు నిజమవుతాయి కూడా. ధర దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎంతటి లీకువీరుడైనా బోల్తా పడుతుంటాడు. కార్డులోని చిప్ డిజైను నెలల ముందే ఖరారై ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది, ఇక దాన్ని మార్చలేరు. ధరను వేదిక ఎక్కే ముందు కూడా మార్చుకోవచ్చు. ఉన్న తిరకాసంతా ఇదే.

2008 జూన్‌లో గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా తన జీటీఎక్స్ 280 కార్డును 649 డాలర్లకు తెచ్చింది. అదే నెలలో దాని పోటీదారు ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 4870ని 299 డాలర్లకే అమ్మకానికి పెట్టింది. వేగంలో 280కి కాస్త వెనకే ఉన్నా, ధరలో సగం కూడా లేదు. కొద్ది వారాల్లోనే 280 ధర 499కి దిగింది. తయారీ ఖర్చు అంతలో తగ్గిపోలేదు, ఎదురుగా పోటీ నిలబడింది, అంతే. 2019 జూన్‌లో ఏఎండీ కూడా ఆర్ఎక్స్ 5700 ఎక్స్‌టీకి మొదట 449 డాలర్లు ప్రకటించి, జులైలో దుకాణాలకు చేరే ముందు 399 చేసింది. ఎన్‌విడియాను ఊరించడానికి ముందే వేసుకున్న ఎత్తు అది అన్నట్టు కంపెనీ పెద్దలు మాట్లాడారు. ఎత్తో, తగ్గించక తప్పని అవసరానికి పెట్టుకున్న ముద్దుపేరో!

ఈ కథలో హైదరాబాద్‌కూ చిన్న పాత్ర ఉంది. ఏఎండీ కెనడా నుంచి ఇక్కడి తన ఇంజినీర్లకు పరీక్షల కోసం కార్డులు పంపేది. 2014, 2015 ప్రాంతంలో జౌబా అనే వెబ్‌సైటులో మన కస్టమ్స్ దిగుమతి వివరాలు ఎవరైనా చూడగలిగేవారు. వస్తువు: ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు, పక్కన ఫిజీ వంటి రహస్య నామం, దిగిన చోటు: హైదరాబాద్ ఎయిర్ కార్గో, విలువ రూపాయల్లో. ఆ రూపాయలను డాలర్లలోకి మార్చి, రాబోయే కార్డు ధర ఇదేనని విదేశాల్లో పెద్ద పెద్ద చర్చలు నడిచేవి. అది పరీక్షా నమూనాకు కస్టమ్స్ కాగితంపై రాసిన విలువ, దుకాణంలో ధరతో దానికి చుట్టరికం లేదు. కార్డు రాబోతోందన్న కబురు మాత్రం నిజమే: ఫిజీ 2015 జూన్‌లో ఫ్యూరీ ఎక్స్‌గా 649 డాలర్లకు వచ్చింది.

ఒక్కోసారి సరైన లీకు కూడా తప్పుదారి పట్టిస్తుంది. 2020లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3090 కార్డుకు 5,248 కోర్లని ముందే పొక్కింది. సెప్టెంబరు 1న ఎన్‌విడియా 10,496 అని ప్రకటించింది. లోపలి విభాగాలు 82 అన్న సంగతి లీకులోనూ సరిగ్గానే ఉంది. కానీ ఒక్కో విభాగానికి పాత పద్ధతిలో 64 కోర్లు లెక్కగట్టారు, కంపెనీ కొత్త డిజైను ప్రకారం 128 లెక్కగట్టింది.

2022 సెప్టెంబరులో గుట్టంతా బయటపడింది. ఎన్‌విడియా కార్డులు తయారుచేసే ఈవీజీఏ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. ఎన్‌విడియా అధినేత జెన్సన్ హువాంగ్ వేదిక మీద చెప్పేదాకా అసలు ధర తమకే తెలియదన్నది ఆ కంపెనీ ఫిర్యాదుల్లో ఒకటి. కార్డు చేసేవాడికే తెలియని ధరను లీకు చేయగలిగేదెవరు? ఆ తర్వాతి నెలలో మరో వింత జరిగింది. 899 డాలర్లకు ప్రకటించిన 12 జీబీ మెమరీ 4080 కార్డును, పేరు గందరగోళంగా ఉందంటూ ఎన్‌విడియా వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐ అనే పేరుతో 799కి వచ్చింది. చిప్ మారలేదు, పేరూ ధరా మారాయి.

2025 జనవరిలో లాస్‌వేగాస్‌లో 549 డాలర్ల కొత్త 5070 కార్డుకు, అంతకుముందరి తరంలో అగ్రశ్రేణి కార్డైన 4090 అంత సత్తా ఉందని హువాంగ్ ప్రకటించారు. ఏఐ మధ్యలో పుట్టించే ఫ్రేములను (తెర మీద వరుసగా కదిలే బొమ్మలను) కూడా కలుపుకొన్న లెక్క అది. అవి తీసేస్తే 5070 ఆ దరిదాపులకు కూడా రాదు. కాబట్టి ఇప్పుడు సామర్థ్యం అంచనా వేయడమూ తేలిక కాదు. మన దగ్గర దాని ధర 59,000 రూపాయలుగా పెట్టారు. అప్పటి డాలరు రేటుకు 47,000 పైచిలుకు, దానిపై 18 శాతం జీఎస్టీ వేసుకుంటే సుమారు 56,000. అమెరికాలో చెప్పిన ధరకు పన్ను కలిపి ఉండదని మనవాళ్లు ప్రతిసారీ మరచిపోతారు.

ఇప్పుడు ఊహాగానాల చూపు మెమరీ మీదికి మళ్లింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు భగ్గుమన్నాయి. డిసెంబరులో మెమరీ తయారుచేసే మైక్రాన్, మామూలు కొనుగోలుదారుల కోసం నడుపుతున్న క్రూషియల్ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. గ్రాఫిక్స్ కార్డులకు మెమరీ చేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మాత్రమే. రాబోయే కార్డులో ఎన్ని జీబీలు ఉంటాయన్నది ఇప్పుడు చిప్ గీసేవాళ్ల ఇష్టం కంటే ఆ ముగ్గురి దగ్గరున్న సరుకు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.