పాలకూరకు ఏ నత్రజని నచ్చుతుంది?

పాలకూర మడిలో యూరియా చల్లి తడి పెడితే కొన్నాళ్లకే ఆకు ముదురాకుపచ్చగా తిరుగుతుంది. ఆ ఏపు చూసి రైతుకూ సంతోషమే, కొనేవాళ్లకూ సంతోషమే. కానీ మొక్క తీసుకున్న నత్రజని ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఆకు లోపలి సరుకు మారిపోతుంది.

యూరియాలో 46 శాతం నత్రజని ఉన్నా, మొక్క దాన్ని నేరుగా తీసుకునేది తక్కువ. మట్టిలోని యూరియేజ్ ఎంజైము ముందు దాన్ని అమ్మోనియంగా మారుస్తుంది. తర్వాత బాక్టీరియా అమ్మోనియాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. నీళ్లు నిలిచిన వరి మడిలో గాలి ఆడదు కాబట్టి నత్రజని చాలావరకు అమ్మోనియంగానే ఉండిపోతుంది. వరికి దానితో ఇబ్బంది లేదు. పాలకూరకు మాత్రం నైట్రేట్ కావాలి.

ఒక్క అమ్మోనియమే ఇస్తే పాలకూర గిడసబారుతుంది. మొక్క అమ్మోనియాన్ని ఎక్కువగా దాచుకోలేదు, వచ్చింది వచ్చినట్టు అమైనో ఆమ్లాలుగా మార్చేయాలి. ఆ పనికి వేరులోని చక్కెరలు ఖర్చయిపోతాయి. పైగా వేరు చుట్టూ ఆమ్లగుణం పెరుగుతుంది, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అందడం తగ్గుతుంది.

నైట్రేట్‌ను మాత్రం ఆకు కణాల్లో నిల్వ పెట్టుకోవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. నైట్రేట్‌ను అమ్మోనియంగా మార్చాలంటే ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలి, అంత శక్తి ఆకులో ఎండ వల్లే వస్తుంది. మబ్బు రోజుల్లో, నీడలో, తెల్లవారుజామున కోసిన ఆకులో వాడకుండా మిగిలిన నైట్రేట్ ఎక్కువ. బాగా ఎండ తగిలాక సాయంత్రం కోస్తే తక్కువ. కాడల్లో ఆకు రేకు కంటే ఎక్కువ ఉంటుంది. యూరప్‌లో తాజా పాలకూరకు కిలోకు 3,500 మిల్లీగ్రాముల నైట్రేట్ పరిమితి పెట్టారు.

ఇదంతా చదివి ఆకుకూర మానేయక్కర్లేదు. నోటిలోని బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి, దాన్నుంచి శరీరంలో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను సడలించి బీపీ తగ్గడానికి తోడ్పడుతుంది. జాగ్రత్త ముఖ్యంగా పసిపిల్లల విషయంలో కావాలి.

నాకు నైట్రేట్ కంటే ఆక్జాలిక్ ఆమ్లమే పెద్ద విషయం అనిపిస్తుంది. ఆకు నైట్రేట్‌ను మార్చేటప్పుడు క్షారగుణం పుడుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి పాలకూర ఈ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. అంటే నైట్రేట్ తిని ఏపుగా పెరిగిన మొక్కలో అదీ పెరుగుతుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే పాలకూరలో కాల్షియం చాలా ఉందని చెప్పుకున్నా, అందులో మన ఒంటికి పట్టేది సుమారు 5 శాతమే.

అందుకే మట్టి లేకుండా పోషక ద్రావణంలో ఆకుకూరలు పెంచేవాళ్లు నైట్రేట్ ఎక్కువగా, అమ్మోనియం కొద్దిగా కలిపి ఇస్తారు. ఆ పాళ్లు కుదిరితే దిగుబడి పెద్దగా పడిపోకుండానే ఆకులో నైట్రేట్, ఆక్జాలిక్ ఆమ్లం రెండూ తగ్గుతాయి. పొలంలో అంత కచ్చితంగా కుదరదు. మన దేశంలో తయారయ్యే యూరియాకు 2015 నుంచి తప్పనిసరి చేసిన వేపనూనె పూత అమ్మోనియం నుంచి నైట్రేట్ తయారవడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. కోతకు ముందు గబగబా చల్లే యూరియాకు మాత్రం ఏ పూతా మందు కాదు. నత్రజని మోతాదు మించితే ఆకులో విటమిన్ సి కూడా తగ్గుతుంది.

వంటింట్లో అయితే, ఆకును ఉడికించి నీళ్లు వంపేస్తే నైట్రేట్, కరిగే ఆక్జాలేట్లు (ఆక్జాలిక్ ఆమ్లపు లవణాలు) చాలావరకు పోతాయి, వాటితోపాటు విటమిన్ సి కూడా కొంత పోతుంది. పాలకూర పప్పులో ఆ నీళ్లు గిన్నెలోనే ఉండిపోతాయి. అదే పూట పెరుగు తింటే, అందులోని కాల్షియం పేగులోనే కొంత ఆక్జాలేట్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది.