హక్కు వచ్చింది, దారి రాలేదు: ప్రవాసుల ఓటు వెనుక కథ

1945 జూలై 5న బ్రిటన్‌లో పోలింగ్ జరిగింది. ఫలితాలు మాత్రం జూలై 26 దాకా చెప్పలేదు. మూడు వారాల పాటు ఓట్ల పెట్టెలు సీలు వేసి అలాగే ఉంచారు. యుద్ధం కోసం దేశదేశాల్లో ఉండిపోయిన సైనికుల ఓట్లు చేరాలి కదా, అందుకు. ఈలోగా ప్రధాని చర్చిల్ జర్మనీలోని పోట్స్‌డామ్ వెళ్లి స్టాలిన్, ట్రూమన్‌లతో చర్చలకు కూర్చున్నారు. ఫలితాలు వినడానికని మధ్యలో లండన్ వచ్చారు. మళ్లీ పోట్స్‌డామ్ వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నది మాత్రం ఆ ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన క్లెమెంట్ అట్లీ.

సరిహద్దు అవతల ఉన్నవాళ్ల ఓటు కోసం దేశమంతా మూడు వారాలు ఓపిక పట్టగలదని అప్పుడే తేలిపోయింది. అయినా అదే బ్రిటన్‌లో, ఉద్యోగం కోసమో పెళ్లయ్యో విదేశానికి వెళ్లిన మామూలు పౌరుడికి ఓటు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. ప్రవాసుల ఓటు హక్కు గురించి ఎక్కడ ఏ ఉద్యమం జరిగినా దాని వెనుక ఉన్నది ఈ తేడాయే. దేశం పంపితే వెళ్లినవాడు ఒక లెక్క, తనంతట తాను వెళ్లినవాడు ఇంకో లెక్క.

ముందు వెళ్లింది సైనికుడు

చాలా దేశాల్లో ఈ తలుపు మొదట తెరుచుకుంది సైనికుడి కోసమే. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా 1862లో విస్కాన్సిన్ రాష్ట్రం, యుద్ధరంగంలో ఉన్న తన మనుషులు అక్కడి నుంచే ఓటు వేసేలా చట్టం చేసింది. 1864 అధ్యక్ష ఎన్నికల నాటికి ఉత్తరాదిన 19 రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అప్పటిదాకా ఓటంటే ఊళ్లో, తెలిసినవాళ్ల కళ్ల ముందు వేసేది. మనిషి ఒకచోట, ఓటు ఇంకోచోట ఉండవచ్చన్న ఊహే కొత్త. పై అధికారి పక్కన నిలబడి ఉంటే సిపాయి ఓటు స్వేచ్ఛగా వేస్తాడా అన్న అనుమానం ఆ రోజే లేచింది. మనుషులు మారినా ఆ అనుమానం ఇప్పటికీ పోలేదు. సైనికాధికారి స్థానంలోకి గల్ఫ్ కంపెనీ యజమాని వచ్చాడు, అంతే.

బ్రిటన్ 1918లో తన సైనికులకు పోస్టల్ ఓటు ఇచ్చింది. డిసెంబర్ 14న పోలింగ్ పెట్టి, కవర్లు చేరేదాకా ఆగి, 28న లెక్కించింది. యుద్ధంలో పనిచేసినవాళ్లకైతే 21 ఏళ్లు నిండక్కర్లేదు, 19 చాలన్నారు. ప్రాణం పణంగా పెట్టిన కుర్రాడికి ఓటు లేదని ఏ ముఖం పెట్టుకుని చెప్తారు? దారులు తెరిచింది సూత్రాలూ సిద్ధాంతాలూ కావని, ఈ మొహమాటమేనని నాకనిపిస్తుంది.

మామూలు పౌరుడి విషయంలో ఆ మొహమాటం లేదు. “నీ అంతట నువ్వే వెళ్లావుగా” అనేస్తే సరిపోతుంది. అందుకే అతను వేరే వాదన వెతుక్కోవాల్సి వచ్చింది. అమెరికన్లకు అది సులువుగానే దొరికింది. ఆ దేశం తన పౌరుడు భూమ్మీద ఎక్కడ సంపాదించినా పన్ను లెక్క అడుగుతుంది. ఓటు విషయానికొస్తే, స్వదేశంలో ఇల్లు లేకపోతే చాలా రాష్ట్రాలు పేరే నమోదు చేసేవి కావు. 1970లలో విదేశాల్లో ఉన్న అమెరికన్లు టీ పొడి సంచులు కవర్లలో పెట్టి వాషింగ్టన్‌కు పంపడం మొదలుపెట్టారు. ఎందుకో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రాతినిధ్యం ఇవ్వకుండా పన్ను వేస్తారా అంటూ 1773లో బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు సముద్రంలో పారేసిన కథ అక్కడి పిల్లలందరికీ పాఠమే. 1976 జనవరి 2న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో చట్టం వచ్చింది. చివరిగా ఏ రాష్ట్రంలో నివసించారో ఆ రాష్ట్రంలోనే, ఇప్పుడు అక్కడ ఇల్లు లేకపోయినా సరే, ఓటు వేయవచ్చు. పోలింగ్‌కు కనీసం 45 రోజుల ముందు బ్యాలెట్ పంపి తీరాలన్న నిబంధన కోసం మాత్రం 2009 దాకా ఆగాల్సి వచ్చింది. హక్కుకూ కవరుకూ మధ్య 33 ఏళ్లు.

ఎన్నేళ్లకు తెగుతుంది బంధం?

బ్రిటన్ వేరే దారి పట్టింది, గడువులు పెట్టింది. 1985 చట్టం ప్రకారం దేశం వదిలిన ఐదేళ్ల దాకా ఓటు ఉంటుంది. 1989లో దాన్ని ఇరవై ఏళ్లు చేశారు. 2000లో చట్టం మార్చి పదిహేనుకు దించారు. ఇది వేలంపాటా అన్నట్టు అంకె పెరిగింది, తగ్గింది. పద్నాలుగో ఏట బతికి ఉన్న అనుబంధం పదహారో ఏట ఎలా చచ్చిపోతుందో నాకైతే అర్థం కాదు.

ఆ ప్రశ్నను జీవితాంతం అడిగిన మనిషి హ్యారీ షిండ్లర్. లండన్‌లో 1921లో పుట్టారు. 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర బ్రిటన్ తరఫున యుద్ధం చేశారు. 1982లో అదే ఇటలీలో స్థిరపడ్డారు. పదిహేనేళ్లు దాటాయి, ఓటు పోయింది. ఆయన యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెక్కారు. పదిహేనేళ్లంటే తక్కువేమీ కాదని, గీత ఎక్కడ గీయాలన్నది ఆ దేశం ఇష్టమని 2013 మే నెలలో కోర్టు ఆయన్ను తోసిపుచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని అడిగిన 2016 బ్రెగ్జిట్ రెఫరెండంలోనైనా ఓటు వేయనివ్వమని మళ్లీ కోర్టుకు వెళ్లారు, మళ్లీ ఓడారు. యూరప్‌లో బతికే బ్రిటిష్ పౌరులకు ఏ ఓటు అన్నిటికంటే ముఖ్యమో, సరిగ్గా ఆ ఓటే వేలాది మందికి లేకుండా పోయింది. 2022లో పార్లమెంటు ఆ గడువును ఎత్తేసింది, 2024 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. షిండ్లర్ 2023 ఫిబ్రవరిలో, 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కొత్త చట్టం ప్రకారం ఒక్క ఓటూ వేయలేదు.

కెనడాలో 1993 నుంచి ఐదేళ్ల గీత ఉండేది. మొదట్లో అప్పుడప్పుడు స్వదేశానికి వచ్చి వెళ్తే చాలు, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది. 2007 నుంచి ఆ వెసులుబాటూ పోయింది. అమెరికాలో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్న ఇద్దరు కెనడియన్లు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 జనవరిలో 5–2 తేడాతో వాళ్లు గెలిచారు. దానికి నెల ముందే పార్లమెంటు తనంతట తాను ఆ గీతను చెరిపేసింది. కోర్టులో కేసు ఉంటే పార్లమెంటుకు చురుకు పుడుతుంది, ఇది చాలా దేశాల అనుభవం.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది జపాన్ తీర్పు. 1998లో అక్కడ ప్రవాసులకు ఓటిచ్చారు కానీ సగమే ఇచ్చారు. పార్టీల జాబితాకు వేయవచ్చు, సొంత నియోజకవర్గం అభ్యర్థికి వేయకూడదు. అభ్యర్థుల వివరాలు అంత దూరంలో ఉన్నవాళ్లకు తెలియవని ప్రభుత్వం వాదన. ఇంటర్నెట్ వచ్చాక ఇంకా ఆ మాటేమిటన్నట్టు 2005 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంతటితో ఊరుకోలేదు. అంతకుముందు ఎన్నికల్లో ఓటు వేయనివ్వనందుకు ఒక్కొక్కరికి 5,000 యెన్‌లు పరిహారం కట్టమంది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ పోయిన ఓటుకు ప్రభుత్వం జేబులోంచి డబ్బు తీసి ఇవ్వాలని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పడం మామూలు సంగతి కాదు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో, ఇంకో ఆరు వారాల్లో ఎన్నికలున్నాయనగా, బ్రిటన్‌లో పాఠాలు చెప్పుకుంటున్న తమ దేశపు ఉపాధ్యాయుడి పక్షాన తీర్పిచ్చింది.

పాలకుల భయం

ఇంత కాలం ఎందుకు తాత్సారం చేశారంటే, భయం. ఈ ఓట్లు ఎటు పడతాయో తెలియదు. 2000లో ఫ్లోరిడా సంగతి గుర్తుందా? విదేశాల నుంచి వచ్చే ఓట్లు లెక్కించకముందు బుష్ ఆధిక్యం 300. లెక్కించాక 930. మళ్లీ లెక్కింపులు, కోర్టులు అయ్యాక చివరికి మిగిలింది 537. అమెరికా అధ్యక్షుడెవరో తేలింది ఆ 537 మీదే.

ఇటలీ కథ ఇంకా తమాషా. ప్రవాసుల ఓటు కోసం దశాబ్దాల తరబడి పట్టుబట్టిన నేత మిర్కో ట్రెమాల్యా, రాజకీయంగా మితవాద పక్షం. 2001లో ఆయన పేరుతోనే పిలిచే చట్టం వచ్చింది. అప్పట్లో ప్రవాసుల కోసం ప్రత్యేకంగా 12 మంది దిగువసభ సభ్యులు, ఆరుగురు సెనేటర్లు. ప్రవాసుల శాఖకు మంత్రి కూడా ఆయనే. 2006లో మొదటిసారి సార్వత్రిక ఎన్నికల్లో ఆ సీట్లకు ఓట్లు పడ్డాయి. ఆరు సెనేట్ సీట్లలో నాలుగు ఎదుటి పక్షానికి పోయాయి. ఆ నాలుగుతోనే ఎదుటి పక్షం నేత రొమానో ప్రోడీకి సెనేట్‌లో బొటాబొటి మెజారిటీ వచ్చింది, ట్రెమాల్యా ఉన్న బెర్లుస్కోనీ ప్రభుత్వం దిగిపోయింది. తాను తవ్వించిన బావి నీళ్లు పక్క పొలానికి పారాయి.

భయం ఒక్కటే కాదు, న్యాయమైన అభ్యంతరమూ ఒకటుంది. ధరలు పెరిగితే, కరెంటు పోతే, చట్టం గట్టిగా అమలైతే భరించేది ఇక్కడున్నవాడు. ఆ కష్టం తగలనివాడు ఫలితాన్ని ఎందుకు తేల్చాలి? స్వదేశంలో ఉన్న జనాభాకు దీటుగా బయట జనం ఉన్న ఐర్లాండ్ లాంటి దేశాల్లో ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. అక్కడ పద్దెనిమిది నెలల్లోపు తిరిగి రావాలనుకునేవాళ్లు దేశంలో ఉంటేనే ఓటు వేయవచ్చు. అందుకే 2015లో, 2018లో రెఫరెండాలప్పుడు యువతీయువకులు ఓటు కోసమే విమానాలూ ఓడలూ ఎక్కి ఇళ్లకు చేరారు. అంత దూరం వచ్చి వేసిన మనిషికి దేశం అక్కర్లేదని ఎలా అంటాం?

దేవుడు వరమిచ్చినా

ఇక అసలు చిక్కు. కోర్టు గెలిపించినా, పార్లమెంటు ఒప్పుకున్నా, ఓటు వేసే చోటు దూరంగానే ఉండిపోతుంది. టర్కీ 1987లో ప్రవాసులకు ఓటిచ్చింది, కాకపోతే పెట్టెలు పెట్టింది సరిహద్దు గేట్ల దగ్గర. జర్మనీ నుంచి సెలవులకు వచ్చే కార్మికుడు కస్టమ్స్ దగ్గర దిగి ఓటు వేసి ముందుకు సాగాలి. రాయబార కార్యాలయాల్లో పెట్టెలు పెట్టడానికి 2014 దాకా పట్టింది. మెక్సికో 2006లో తొలిసారి పోస్టు ద్వారా అవకాశమిచ్చింది. అమెరికాలో లక్షలకు లక్షల మంది మెక్సికన్లున్నా వచ్చిన ఓట్లు దాదాపు 33 వేలు. ఎందుకంటే ఓటరు కార్డు ఉంటేనే ఓటు, ఆ కార్డు కావాలంటే మెక్సికోకే వెళ్లాలి. కాన్సులేట్లలో కార్డులివ్వడం 2016లో గానీ మొదలుకాలేదు.

భారతదేశానిదీ ఇదే వరస. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సైనికులనూ, విదేశాల్లో ప్రభుత్వోద్యోగం చేసేవారినీ ‘సర్వీసు ఓటర్లు’గా చూసింది. మిగతావాళ్లు ‘మామూలుగా నివసించే’ చోటే ఓటరు. దుబాయ్‌లో మామూలుగా నివసించేవాడికి ఇక్కడ ఓటెలా ఉంటుంది? 2010లో చట్టాన్ని సవరించి 20ఏ సెక్షన్ చేర్చారు, 2011 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. వేరే దేశపు పౌరసత్వం తీసుకోనివాళ్లు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం ఓటరు కావచ్చు. ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని తన బూత్‌కు స్వయంగా వచ్చి వేయాలి. విమానం టికెట్టు కొనుక్కోగలిగితేనే ఓటన్నమాట.

దీనిమీద లండన్‌లో ఉండే నాగేందర్ చిందం 2013లోనూ, గల్ఫ్‌లో వ్యాపారం చేసే డాక్టర్ షంషీర్ వి.పి. ఆ తర్వాతి ఏడాదీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎన్నికల సంఘం కమిటీ 2014లో ఎలక్ట్రానిక్‌గా పంపే పోస్టల్ బ్యాలెట్, లేదంటే ప్రాక్సీ ఓటు (తన బదులు ఇంకొకరితో వేయించేది) మేలని చెప్పింది. ప్రాక్సీ బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభలో గట్టెక్కింది, రాజ్యసభ గడప దాటకుండానే 2019లో ఆ లోక్‌సభతోపాటు రద్దయింది. 2020 నవంబర్‌లో ఎన్నికల సంఘం పోస్టల్ బ్యాలెట్‌కు తాము సాంకేతికంగా సిద్ధమని న్యాయశాఖకు రాసింది. 2022 నవంబర్‌లో, ప్రభుత్వం చర్యలు తీసుకుంటుందన్న అటార్నీ జనరల్ మాట విని సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను మూసేసింది.

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ఓటరు జాబితాలో ఉన్న ప్రవాసులు 1,19,374 మంది. బయట ఉన్న భారత పౌరులు కోటికి పైగా అని గుర్తుపెట్టుకుని ఈ అంకె చూడాలి. వచ్చి ఓటు వేసింది 2,958 మంది. అందులోనూ ఎక్కువమంది కేరళవాళ్లే. ఓటు కోసమని గల్ఫ్ నుంచి గుంపులుగా విమానాలు మాట్లాడుకుని రావడం వాళ్లకు అలవాటు.

మరోవైపు సర్వీసు ఓటర్ల కోసం 2016 నుంచి ఆ ఎలక్ట్రానిక్ పద్ధతి నడుస్తూనే ఉంది. సైనికుడికి బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది. ఓటీపీతో తెరిచి, ప్రింటు తీసి, గుర్తు వేసి, చిన్న కవర్లో పెట్టి అంటిస్తాడు. దాన్నీ సంతకం చేసిన డిక్లరేషన్‌నూ పెద్ద కవర్లో పెట్టి పోస్టు చేస్తాడు. లెక్కింపు కేంద్రంలో ముందు ఆ కవరు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు, తర్వాతే తెరుస్తారు. వెళ్లేటప్పుడు క్షణంలో వెళ్లే బ్యాలెట్, వచ్చేటప్పుడు మాత్రం తపాలా బండిలోనే రావాలి. లెక్కింపు రోజు ఉదయం 8 గంటల తర్వాత చేరిన కవరును తెరవకుండా పక్కన పెట్టేస్తారు.