విశ్వవిద్యాలయాల పాలిమర్, మెంబ్రేన్ ఆవిష్కరణల లైసెన్సులు: అపోహలు - వాస్తవాలు

విశ్వవిద్యాలయాల సాంకేతిక బదిలీ కార్యాలయాలు తమ వద్ద లైసెన్సుకు ఉన్న ఆవిష్కరణలను ఒక్కో పేజీ సారాంశంగా ప్రకటిస్తుంటాయి. అధునాతన పాలిమర్లు, మెంబ్రేన్ల (నీటిని, వాయువులను వడకట్టి వేరుచేసే పలుచని పొరల) విభాగంలో ఆ సారాంశాలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి: నీటి ప్రవాహం రెట్టింపు అయిందని, లవణాన్ని 99 శాతం ఆపిందని, పేటెంట్ దరఖాస్తు దాఖలైందని, ఆసక్తి ఉన్న పరిశ్రమలు సంప్రదించవచ్చని. మొదట మెంబ్రేన్ ప్రయోగశాలలోనూ, తర్వాత ఇలాంటి లైసెన్సు ఒప్పందాల్లోనూ పనిచేసిన నేను ఈ ఒక్క పేజీని ఇరుపక్షాలూ ఎంత వేర్వేరుగా చదువుతాయో దగ్గరగా చూశాను. జీడిమెట్లలో ఆర్‌ఓ (నీటిని పీడనంతో మెంబ్రేన్ గుండా పంపి లవణాలు తీసే) ప్లాంట్లు తయారుచేసే చిన్న పారిశ్రామికవేత్తకు అది సరుకుల జాబితాలా కనిపిస్తుంది. ఆవిష్కరించిన ఆచార్యులకు పని పూర్తయిందన్న ధ్రువపత్రంలా కనిపిస్తుంది. నిజానికి అది ఒక అనుమతికీ, ఒక ఆరంభానికీ సంబంధించిన కాగితం మాత్రమే. ఈ తేడా తెలియక మంచి పరిశోధనలు అల్మారాల్లో మిగిలిపోవడం నాకు బాధ కలిగిస్తుంది కనుక, పదే పదే ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లైసెన్సుకు సిద్ధంగా ఉన్నదంటే తయారీకి కూడా సిద్ధంగా ఉన్నట్టే.

వాస్తవం: ప్రయోగశాలలో పరీక్షించే మెంబ్రేన్ ముక్క సాధారణంగా అరచేతిలో ఇమిడిపోతుంది, చిన్న పరీక్ష పాత్రలో పనిచేసే వైశాల్యం సుమారు 15 చదరపు సెంటీమీటర్లు. మార్కెట్లో అమ్ముడయ్యే 8 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవు గల ఆర్‌ఓ ఎలిమెంటులో (ప్లాంటులో బిగించే మెంబ్రేన్ చుట్టలో) చుట్టి ఉండే మెంబ్రేన్ సుమారు 37 చదరపు మీటర్లు, అంటే ఆ ముక్కకు దాదాపు 25 వేల రెట్లు. ముక్కలో సూదిమొనంత రంధ్రం పడితే దాన్ని పక్కన పడేసి మరొకటి కత్తిరిస్తారు, పరిశోధన పత్రంలో మంచి ముక్క ఫలితమే చేరుతుంది. ఎలిమెంటులో అలాంటి రంధ్రాలు కొన్ని ఉన్నా ఎలిమెంటు మొత్తం పనికిరాకుండా పోతుంది.

తయారీ క్రమం తెలిస్తే ఈ దూరం ఇంకా స్పష్టమవుతుంది. నేటి ఆర్‌ఓ మెంబ్రేన్లలో అత్యధికం మూడు పొరలవి: అడుగున పాలియెస్టర్ వస్త్రం, దానిపై పాలీసల్ఫోన్ ఆధారపొర, అన్నిటికంటే పైన వంద, రెండు వందల నానోమీటర్ల మందం మాత్రమే ఉండే పాలీఅమైడ్ పొర. పాలీసల్ఫోన్‌ను ఎన్‌ఎంపీ లేదా డీఎంఎఫ్ వంటి ద్రావణిలో కరిగించి, వస్త్రంపై కత్తి అంచుతో సమానంగా పరిచి, నీటి తొట్టిలోకి దింపితే, ద్రావణి బయటికీ నీరు లోపలికీ కదిలే క్రమంలో పాలిమర్ గడ్డకట్టి సూక్ష్మ రంధ్రాల పొరగా మారుతుంది. ఆ తర్వాత నీటిలో కరిగిన డయమీన్‌ను, హెక్సేన్‌లో కరిగిన ట్రైమెసోయిల్ క్లోరైడ్‌ను ఆ పొర మీద కలుసుకోనిస్తే కొన్ని క్షణాల్లోనే పాలీఅమైడ్ ఏర్పడుతుంది. ఈ క్షణాల పనిని గాజు పలక మీద చేత్తో చేయడం వేరు, మీటరు వెడల్పున ఆగకుండా కదిలే వస్త్రం మీద చేయడం వేరు.

నేను పనిచేసిన ఒక సాంకేతిక బదిలీలో విశ్వవిద్యాలయం ఇచ్చిన విధానపత్రం ఎంతో శ్రద్ధగా రాసినదే. పాలిమర్ శాతం, కత్తికీ వస్త్రానికీ మధ్య ఎడం, నీటి తొట్టి ఉష్ణోగ్రత అన్నీ అందులో ఉన్నాయి. మే నెలలో పైలట్ యంత్రం (పెద్ద తయారీకి ముందు ప్రయత్నంగా నడిపే చిన్న యంత్రం) మీద వచ్చిన పొర చక్కగా ఉంది. జులైలో అదే విధానంతో పరిచిన పొర నీటి తొట్టిని చేరకముందే, గాలిలో ఉండగానే, పాలు విరిగినట్టు తెల్లబడింది. ఎన్‌ఎంపీ గాలిలోని తేమను లాగేసుకుంటుంది. వానాకాలపు తేమకు పాలిమర్ ముందుగానే విడిపోవడం మొదలైంది. ప్రయోగశాల ఏడాది పొడవునా ఏసీ గదిలో నడిచినందువల్ల గది తేమ ఎంతో రాయాలని అక్కడెవరికీ తోచలేదు. కారణం పట్టుకోవడానికి మాకు ఆరు వారాలు పట్టింది.

ద్రావణుల విషయంలో మరో సంగతి కూడా చూసుకోవాలి. ఐరోపా సమాఖ్యలో ఎన్‌ఎంపీపై 2020 నుంచి, డీఎంఎఫ్‌పై 2023 డిసెంబరు నుంచి కార్మికుల ఆరోగ్యరక్షణ దృష్ట్యా కఠినమైన పరిమితులు అమలులో ఉన్నాయి. అక్కడ తయారీ పెట్టాలనుకునేవారు ఆవిష్కరణ ఏ ద్రావణిపై ఆధారపడిందో మొదటే అడగాలి.

ఈ దూరం కొత్తదేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1950ల చివరిలో రూపొందించిన సెల్యులోజ్ అసిటేట్ మెంబ్రేనే ఆర్‌ఓను పుస్తకాల్లోంచి బయటికి తెచ్చింది. దాని పేటెంటు 1964లో మంజూరైంది. కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న పట్టణంలో ఆ మెంబ్రేన్‌తో శుద్ధి చేసిన నీరు 1965లో ప్రజలకు అందింది. అదే విశ్వవిద్యాలయంలో ఎరిక్ హోక్ బృందం చేసిన నానోకాంపోజిట్ మెంబ్రేన్ పనితో 2005లో మొదలైన నానోహెచ్‌2ఓ సంస్థను ఎల్‌జీ కెమ్ 2014లో 20 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తొమ్మిదేళ్లలో ఎక్కువ కష్టం తయారీదే అయి ఉంటుందని ఈ రంగంలో ఉన్నవారెవరైనా ఊహించగలరు.

అపోహ: సారాంశంలోని అంకె ఎంత పెద్దదైతే ఆవిష్కరణ అంత విలువైనది.

వాస్తవం: ముందు ఆ అంకె ఏ పరీక్షలో వచ్చిందో చూడాలి. భూగర్భ జలాల ఆర్‌ఓ ఎలిమెంట్లను పరిశ్రమలో సాధారణంగా లీటరుకు 2000 మిల్లీగ్రాముల ఉప్పు, 15.5 బార్ పీడనం, 25 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. సముద్రపు నీటి ఎలిమెంట్లకు 32,000 మిల్లీగ్రాములు, 55 బార్. తక్కువ ఉప్పుతో, శుద్ధమైన నీటితో, రెండు మూడు గంటల పరీక్షలో వచ్చిన ఫలితాన్ని వీటితో పోల్చలేము. నల్లగొండ బోరు నీటిలో ఫ్లోరైడ్‌తో పాటు కాఠిన్యం కూడా ఉంటుంది. ఆ నీటి మీద నెల రోజులు నడిపిన ఫలితం ఒక్కటి ఉంటే, ఉప్పునీటి మీద వచ్చిన పది గ్రాఫుల కంటే దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇక 99 శాతానికీ 99.5 శాతానికీ తేడా అర శాతమేనని కొట్టిపారేయకూడదు: మెంబ్రేన్ దాటి వచ్చే ఉప్పు 1 శాతం నుంచి 0.5 శాతానికి, అంటే సరిగ్గా సగానికి తగ్గుతుంది.

నీటి ప్రవాహం విషయంలో భౌతికశాస్త్రమే ఒక హద్దు గీసింది. లీటరుకు 35 గ్రాముల లవణాలున్న సముద్రపు నీటి నుంచి సగం నీటిని వేరు చేయడానికి, ఎంత గొప్ప మెంబ్రేన్ వాడినా, ఘనపు మీటరుకు కనీసం 1.06 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఇప్పటి మెంబ్రేన్లు ఆ హద్దుకు బాగా దగ్గరపడ్డాయి కనుక, ప్రవాహం మూడు రెట్లు పెంచినా సముద్రపు నీటి ప్లాంటులో ఆదా అయ్యే విద్యుత్తు తక్కువే. అదే పాలీఅమైడ్‌ను క్లోరిన్ తట్టుకునేలా చేసిన ఆవిష్కరణ ఉంటే, అది సారాంశంలో ఆకర్షణీయంగా కనిపించకపోయినా, నా దృష్టిలో ఎంతో విలువైనది. ఎందుకంటే ఈరోజు చాలా ప్లాంట్లలో నీటిలో క్రిములు పెరగకుండా క్లోరిన్ వేయడం, మెంబ్రేన్ దెబ్బతినకుండా మళ్లీ దాన్ని తీసేయడం అనే రెండు పనులు జరుగుతున్నాయి.

వాయువులను వేరుచేసే పాలిమర్లలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒక వాయువును ఎక్కువగా పోనిచ్చే పాలిమర్ రెండు వాయువుల మధ్య తేడాను తక్కువగా పాటిస్తుందని చూపే హద్దురేఖను లాయిడ్ రోబ్సన్ 1991లో గీసి, 2008లో సవరించారు. ఆ రేఖను పైకి జరిపిన పాలిమర్లలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పీటర్ బడ్, నీల్ మెక్‌కియోన్‌ల బృందం 2004లో ప్రకటించిన పిమ్-1 ప్రముఖమైనది. గొలుసులు వంగని ఆకృతి వల్ల అణువుల మధ్య ఖాళీ మిగలడమే దాని బలం. అయితే కాలం గడిచే కొద్దీ ఆ గొలుసులు మెల్లగా సర్దుకుని ఖాళీ తగ్గుతుంది, దాంతో వాయు ప్రవాహమూ పడిపోతుంది. పొర ఎంత పలుచగా ఉంటే అంత వేగంగా పడిపోతుంది. పరిశ్రమకు కావలసింది పలుచని పొరే. అందుకే ఇలాంటి పాలిమర్ల లైసెన్సు చర్చల్లో నేను మొదట అడిగేది ఆ పొర పోసిన తేదీ, కొలిచిన తేదీ.

అపోహ: కనిపెట్టిన ఆచార్యులు ఒప్పుకుంటే చాలు, లైసెన్సు వచ్చేసినట్టే.

వాస్తవం: ఆవిష్కర్త వేరు, హక్కుదారు వేరు. ఈ పాఠాన్ని మెంబ్రేన్ రంగం చాలా ఖరీదుగా నేర్చుకుంది. ఇప్పటి పాలీఅమైడ్ మెంబ్రేనుకు ఆద్యుడైన జాన్ కాడొట్ అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు కింద ఒక పరిశోధన సంస్థలో పనిచేసి, తర్వాత ఫిల్మ్‌టెక్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. 1981లో ఆయన పేరున పేటెంటు వచ్చింది. ఆ పేటెంటు ఆధారంగా ఫిల్మ్‌టెక్ తన పోటీదారు హైడ్రానాటిక్స్‌పై వ్యాజ్యం వేయగా, ఆలోచన ప్రభుత్వ కాంట్రాక్టు కాలంలోనే రూపుదిద్దుకుంది కనుక చట్టప్రకారం దాని హక్కు అమెరికా ప్రభుత్వానిదేనని అప్పీళ్ల న్యాయస్థానం 1992లో తేల్చింది. అప్పటికి ఆ పేటెంటు మీద ఒక పెద్ద వ్యాపారమే నిలిచి ఉంది.

అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగిన ఆవిష్కరణలను విశ్వవిద్యాలయాలే అట్టిపెట్టుకునేలా 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. మన దేశంలో అలాంటి ఉద్దేశంతోనే 2008లో ఒక బిల్లు రాజ్యసభకు వచ్చినా, 2014లో దాన్ని ఉపసంహరించుకున్నారు. కాబట్టి ఇక్కడ ప్రతి సంస్థకూ దాని సొంత విధానమూ, నిధులిచ్చిన శాఖతో చేసుకున్న ఒప్పందమే ఆధారం. పరిశోధక విద్యార్థి ఉద్యోగి కాదు కనుక ఆ విద్యార్థి రాసిచ్చిన హక్కు బదలాయింపు పత్రం ఉందో లేదో తప్పక అడగాలి. రెండు సంస్థలు కలిసి చేసిన పని అయితే, పేటెంట్ల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం సహయజమాని అంగీకారం లేకుండా ఒకరే లైసెన్సు ఇవ్వలేరు; వేరే ఒప్పందం ఉంటే తప్ప.

అపోహ: ముందు పరిశోధన పత్రం ప్రచురిద్దాం, పేటెంటు సంగతి తర్వాత చూద్దాం.

వాస్తవం: అమెరికాలో ఆవిష్కర్త సొంతంగా బయటపెట్టినా ఏడాది గడువు ఉంటుంది. ఆ మాట విని మన దగ్గరా అంతేననుకుంటారు. భారత చట్టంలోని 31వ సెక్షన్ ఇచ్చే 12 నెలల వెసులుబాటు శాస్త్రీయ సంఘాల సమావేశంలో చదివిన పత్రం వంటి కొన్ని సందర్భాలకే పరిమితం. ఐరోపాలో ఆ మాత్రం కూడా దొరకదు. ఒక పరిశోధక విద్యార్థిని తన కొత్త పూత పాలిమర్ నిర్మాణాన్ని కళాశాల వార్షికోత్సవ పోస్టరులో పూర్తిగా గీసి చూపించింది. దాన్ని ఎవరో ఫొటో తీసి నెట్‌లో పెట్టారు. మూడు నెలల తర్వాత మేము దరఖాస్తు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ ఫొటోయే అడ్డమైంది. తాత్కాలిక వివరణపత్రం దాఖలు చేస్తే పూర్తి వివరణపత్రానికి 12 నెలల సమయం దొరుకుతుంది, పైగా 2021 నుంచి విద్యాసంస్థలకు రుసుములో 80 శాతం తగ్గింపు ఉంది. పోస్టరు అచ్చు వేయించే ముందు రోజు దాఖలు చేసినా సరిపోయేది.

అపోహ: విదేశీ విశ్వవిద్యాలయానికి పేటెంటు ఉంటే ఇక్కడ మనం దాన్ని ముట్టుకోకూడదు.

వాస్తవం: పేటెంటు ఏ దేశంలో మంజూరైతే ఆ దేశానికే వర్తిస్తుంది. అంతర్జాతీయ దరఖాస్తు చేసినవారు తొలి దాఖలు తేదీ నుంచి 31 నెలల లోపు భారతదేశంలోనూ దాన్ని దాఖలు చేయాలి; ఖర్చుకు వెనకాడి చాలా విశ్వవిద్యాలయాలు అలా చేయవు. ఇక్కడ దరఖాస్తు ఉందో లేదో భారత పేటెంట్ కార్యాలయం వారి ఇన్‌పాస్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. లేకపోతే ఇక్కడ తయారుచేసి ఇక్కడ అమ్ముకోవడానికి ఆ పేటెంటు అడ్డు రాదు, పేటెంటు ఉన్న దేశానికి ఎగుమతి చేస్తే మాత్రం వస్తుంది. అయినా అలాంటి సందర్భాల్లో కూడా లైసెన్సు తీసుకొమ్మని సలహా ఇచ్చిన రోజులున్నాయి, ఎందుకంటే పేటెంటు పత్రంలో రాయని చేతిపనే మెంబ్రేన్ తయారీలో సగం. అమెరికాలో అమ్మాలనుకునే మనవారు మరొకటి గమనించాలి: ప్రభుత్వ నిధులతో పుట్టిన ఆవిష్కరణకు ఆ దేశంలో ప్రత్యేక హక్కు (మరెవరికీ ఇవ్వని హక్కు) కావాలంటే, మినహాయింపు దొరికితే తప్ప, సరుకును ప్రధానంగా అక్కడే తయారుచేయాలని బే-డోల్ చట్టం కోరుతుంది.

అపోహ: లైసెన్సు తీసుకుంటే ఆవిష్కరణ మొత్తం మనదే.

వాస్తవం: నీటిని ఇష్టపడే ఒక పూత పాలిమర్ నీటి శుద్ధికీ, డయాలిసిస్‌కూ, బ్యాటరీ పొరలకూ పనికిరావచ్చు. విశ్వవిద్యాలయం ఈ మూడు రంగాలనూ ముగ్గురికి విడివిడిగా ఇవ్వగలదు, ఇవ్వాలి కూడా. భాభా అణు పరిశోధన కేంద్రం తన మెంబ్రేన్ ఆధారిత ఇంటి నీటి శుద్ధి పరిజ్ఞానాన్ని ఏ ఒక్కరికో కట్టబెట్టకుండా అనేక సంస్థలకు ఇచ్చింది. చిన్న పారిశ్రామికవేత్తకు ప్రత్యేక హక్కు కంటే తన రంగంలో, తన రాష్ట్రాల్లో తక్కువ రుసుముకు దొరికే సాధారణ హక్కే చాలాసార్లు మేలని నా అభిప్రాయం.

అపోహ: సంతకాలతో పని పూర్తవుతుంది.

వాస్తవం: సంతకాల తర్వాతే కనీస వార్షిక రాయల్టీ, పని పురోగతి గడువులు మొదలవుతాయి. లైసెన్సు తీసుకున్నవారు చేసిన మెరుగుదలలన్నీ లైసెన్సు ఇచ్చినవారికే చెందాలని, పేటెంటు చెల్లుబాటును ప్రశ్నించకూడదని ఒప్పందంలో రాస్తే, పేటెంట్ల చట్టంలోని 140వ సెక్షన్ ప్రకారం ఆ షరతులు చెల్లవు. పేటెంట్ల గడువు ముగిశాక మూడు నెలల నోటీసుతో ఒప్పందం నుంచి తప్పుకునే వీలు 141వ సెక్షన్‌లో ఉంది. నేను మాత్రం ఇప్పుడు ప్రతి ఒప్పందపు అనుబంధంలో రెండు అంశాలు చేర్పిస్తున్నాను. మెంబ్రేనును స్వయంగా కాస్ట్ చేసిన (పొరగా పరిచిన) విద్యార్థి పైలట్ యంత్రం దగ్గర కనీసం ఇరవై పనిదినాలు ఉండాలన్నది మొదటిది. ప్రయోగశాల నోటు పుస్తకాల నకళ్లతో పాటు, ప్రతి కాస్టింగ్ రోజూ గది ఉష్ణోగ్రత, గాలిలో తేమ ఎంత ఉన్నాయో ఇవ్వాలన్నది రెండోది.